కేబుల్ తీగ మీది పగ నన్ను విడిచిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒక మనిషి పేరు వింటేనే కడుపులో నిప్పు రాజుకునే దినాలు నాకు ఏడాదికి పైగా నడిచాయి, కంచం ముందు కూర్చుంటే ఆ మనిషే కనబడేవాడు, మోకరిస్తే ఆ మనిషే కనబడేవాడు, చివరికి మందిరంలో పాట పాడుదామని నోరు తెరిస్తే గొంతు పూడుకుపోయేది! నా పేరు సుగుణమ్మ, మాది వరంగల్ కొత్తవాడ. సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చినదానికి సాక్ష్యం ఏమిటని కొందరు ముక్కు విరుస్తారని నాకు తెలుసు, అయినా చెబుతాను, నేను సిగ్గుపడి నోరు మూసుకుంటే ఆయన చేసిన మేలు నాతోనే మట్టిలో కలిసిపోతుంది.

నా భర్త దానియేలు జంపఖానాలు నేస్తాడు. ఎనభైల్లో ఇళ్ళలోకి టీవీలు వస్తున్న కొత్తలో, ముందు గదిలోని మగ్గాన్ని వెనక వసారాలోకి మార్చి, ఆ గదిలో నేను వీడియో లైబ్రరీ పెట్టాను. ఆహా, ఎంత ఆశీర్వదించాడు దేవుడు! ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా గడప ముందు చెప్పులే చెప్పులు. కొత్త సినిమా కావాలంటే మూడు రోజుల ముందే పేరు చెప్పుకోవాలి. ఎవరింట్లోనైనా ఫంక్షన్ ఉంటే కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ రిక్షాలో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నేనే తీసుకుపోయేదాన్ని. వానాకాలంలో టేపులకు తెల్లగా బూజు పడితే, ఎండ పొడ తగిలే చోట జంపఖానా పరిచి క్యాసెట్లన్నీ ఆరబెట్టేదాన్ని, "ఏం సుగుణక్కా, వడియాలు పెట్టినవా?" అని వాడకట్టు ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

మెషీన్ హెడ్డుకు మురికి పట్టి బొమ్మ గీతలు గీతలుగా వస్తే, వీధి చివర రేడియోలు, టీవీలు బాగుచేసే యాకూబ్ వచ్చి, స్పిరిట్‌లో దూది ముంచి తుడిచిపెట్టేవాడు. నన్ను అక్కా అని నోరారా పిలిచేవాడు. అటువంటి మనిషి ఒకరోజు తన దుకాణంలో ఒక్క వీసీఆర్ పెట్టి, దాని నుంచి డాబాల మీదుగా నల్ల తీగ లాగి, వాడకట్టులో ఇంటింటికీ కలిపేశాడు! మధ్యాహ్నం ఒక సినిమా, సాయంత్రం ఒక సినిమా, ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలు, ఇంకెవరు వస్తారు నా గడపకు? అందరికంటే ముందు ఆ తీగ పెట్టించుకున్నది మందిరంలో నా పక్కన కూర్చుని పాడే సహోదరి. నెల తిరిగేసరికి నా దగ్గర క్యాసెట్లు తీసుకునేవాళ్ళు తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టారు. అలమరలో క్యాసెట్లు కదలకుండా ఉండిపోయాయి.

పైగా ఆ తీగ మా డాబా మీదుగానే పోయింది! యాకూబ్ వచ్చి అడిగితే నా భర్త సరేనన్నాడట. నేను ఇంతెత్తున లేస్తే, "మన యాకూబే గదనే, తీగ పోతే మన డాబా అరుగుతదా?" అన్నాడు, అంత అమాయకుడు. రోజూ పొద్దున బట్టలారేయడానికి పైకి పోతే ఎదురుగా అదే తీగ. కత్తెర పట్టుకుని రెండుసార్లు పోయాను, రెండుసార్లూ తిరిగి వచ్చాను, భక్తితో కాదు సహోదరులారా, కరెంటు కొడుతుందేమోనన్న భయంతో. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మా మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. ఎవరి మనవి వాళ్ళు చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా స్టీలు డబ్బాలో వేస్తే, పాస్టరయ్యగారు ఒక్కొక్కటి తీసి గట్టిగా చదువుతారు, చదవగానే సంఘమంతా ఆమెన్ అంటుంది. ఒక శుక్రవారం నేను రాశాను: "ప్రభువా, మా పొట్ట కొట్టినవాడు ఇంకెవరి డాబా ఎక్కకుండా చేయి." ఆ రోజు చీటీలు ఎక్కువ, జ్వరం తగ్గాలని ఒకటి, పరీక్ష పాసు కావాలని ఒకటి, అయ్యగారు వరుసపెట్టి చదువుకుంటూ పోతున్నారు, ఆ ఊపులో నాది కూడా చదివేశారు, అలవాటు కొద్దీ సంఘమంతా "ఆమెన్!" అన్నది! తర్వాత అయ్యగారు ఆగి, ఆ చీటీని మళ్ళీ చూసుకుని, నుదురు చిట్లించారు. నేను కొంగు కప్పుకుని తల వంచుకున్నాను, లోపల మాత్రం సంతోషమే.

పది రోజులు కాలేదు. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం వాడకట్టులో కేకలు వినబడ్డాయి. యాకూబ్ మా పక్కింటి డాబా మీద తీగ సరిచేస్తూ, పిట్టగోడ మీద పాచికి కాలు జారి కింద పడ్డాడు. నడుము దెబ్బతిన్నది. పెద్ద దవాఖానకు తీసుకుపోతే, కాళ్ళలో కదలిక లేదు, మళ్ళీ నడుస్తాడో లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు. డాబా ఎక్కకూడదని అడిగాను, ఎక్కలేకుండా పడ్డాడు! ఆ కబురు విన్నాక పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేవలేదు. "ప్రభువా, నేను అన్నది నిజమే గానీ గింత మాట అడగలే, నా మాట వాపస్ తీసుకో" అని ఏడ్చాను.

ఆ సాయంత్రమే పాస్టరయ్యగారి ఇంటికి పోయి, ఆ చీటీ నాదేనని చెప్పేశాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన నన్ను నిలబెట్టి కడిగారు. "దేవుడు నీ జీతగాడా అమ్మా, నువ్వు చీటీ రాస్తే పోయి మనిషిని తోసివచ్చేటందుకు? వాన పడ్డది, గోడకు పాచి పట్టింది, పిలగాడు జారిండు. నీ చీటీకి అంత బలం లేదు. కానీ నీ గుండెల విషం ఉన్నది, అది మాత్రం నిజం. పోయి అతనికే చెప్పు" అన్నారు.

చెప్పడమా! యాకూబ్ ముఖం చూసి, అతని భార్య ఫాతిమా ముందు, ఆ మాట ఎలా చెప్పాలి? మూడు రోజులు దవాఖాన గేటు దాకా పోయి తిరిగి వచ్చాను. నాలుగో రోజు "తండ్రీ, నా నాలుకను నువ్వే పట్టుకొని లోపలికి గుంజు" అని ప్రార్థించి, జావ టిఫిను పట్టుకుని మంచం దగ్గరికి పోయాను.

"యాకూబ్, నువ్వు డాబా ఎక్కొద్దని నేను మందిరంల చీటీ రాసి ఏసిన. అందరితోని ఆమెన్ అనిపించిన" అన్నాను. విసనకర్ర విసురుతున్న ఫాతిమా చెయ్యి ఆగిపోయింది.

యాకూబ్ పైకప్పు వైపే చూస్తూ మాట్లాడాడు. "అక్కా, మీ డాబా మీదికెల్లి తీగ గుంజిననాడే నాకు ఎరుకైంది, నీ అన్నంల మన్ను పోస్తున్ననని. నీకు మొకం చూపలేక ఆ గల్లీల దొంగ లెక్క తిరిగిన" అన్నాడు. తర్వాత, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే నవ్వాడు! "ఫికర్ చేయకు. ఇంకో చీటీ రాయి. ఈసారి నేను నడవాలని రాయి."

సహోదరులారా, ఆ మంచం పక్కన నేలమీద కూర్చుని ఏడ్చిన ఏడ్పులో నా కడుపులోని నిప్పు చల్లారింది. నా దేవుడు నన్ను విడిపించింది అక్కడే! ఆ శుక్రవారం చీటీ మీద యాకూబ్ పేరు రాశాను, నా పేరూ రాశాను, సంఘం ముందు లేచి నిలబడి మొదటి చీటీ సంగతి కూడా ఒప్పుకున్నాను. ఎవరూ వెంటనే ఆమెన్ అనలేదు. ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకుని, ఈసారి దేనికి అంటున్నారో తెలిసి అన్నారు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. యాకూబ్ మంచంలో ఉంటే దుకాణం మూతబడింది, వాడకట్టు టీవీలు బోసిపోయాయి. "అక్కా, ఆ మెషీన్ పెట్టుడు నాకు రాదు, ఇల్లెట్ల గడవాలె?" అని ఫాతిమా కంటతడి పెట్టుకుంటే, నేను పోయి ఆ దుకాణంలో కూర్చున్నాను. రోజుకు రెండు పూటలు, నా అలమరలోని క్యాసెట్లే ఆ వీసీఆర్‌లో పెట్టాను, నన్ను ముంచిన తీగలోకి నా చేతులతోనే సినిమా పంపాను! చూసినవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. పోయిన మతి వచ్చింది అప్పుడే. రెండో నెలలో యాకూబ్ కాలివేళ్ళు కదిలాయి, ఆ తర్వాత కొన్నాళ్ళకు కర్ర పట్టుకుని మా గడప దాకా నడిచివచ్చి "అక్కా, చాయ్ పొయ్యి" అన్నాడు. డాక్టర్లు దానికి ఏదో పేరు చెప్పారు, నేను మాత్రం దేవునికే మహిమ అంటాను!

నా వీడియో లైబ్రరీ మళ్ళీ తెరవలేదు. తీగ ముందు క్యాసెట్ నిలవదు, అది లోకం పోకడ, దానికి దేవుణ్ణి తప్పుపట్టను. ఇప్పుడు నా భర్త పక్కన కూర్చుని జంపఖానాలకు నూలు చుడుతున్నాను, తిన్నది అరుగుతున్నది, గొంతు విప్పి పాడుతున్నాను. ఇంతకంటే ఏం కావాలి!

ప్రియులారా, ఈ మాటలు చదువుతుంటే మీకూ ఒక ముఖం గుర్తుకు వచ్చి ఉంటుంది. వాళ్ళు మీకు నిజంగానే అన్యాయం చేసి ఉండవచ్చు, నేను కాదనను. మీ పగను కూడా దాచకుండా ప్రభువు ముందు పెట్టండి, ఆయన విసుక్కోడు. తర్వాత ఆయనను నమ్మి, లేచి, ఆ మనిషి దగ్గరికి పోండి. గడప దాకా పోయి తిరిగి వస్తారు, నేనూ అలాగే వచ్చాను, అయినా మళ్ళీ పోండి. వాళ్ళు లేచి తిరుగుతున్నప్పుడే పోండి, నాలాగా దవాఖాన మంచం దాకా ఆగవద్దు.