నాలుగు చక్రాల బండి, నాయిన ఎడమకాలు

మొన్న మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన మేడం ఒకామె, సెకండ్ హ్యాండులో పెద్ద బండి ఒకటి చూశాననీ, నాలుగు చక్రాలూ గుంజే రకమనీ, కొనేముందు నేనొక్కసారి చూసి సరేనంటే తనకు ధైర్యమనీ అడిగింది. నా యాభై మూడేళ్ల జీవితంలో నన్ను సలహా అడిగిన మొట్టమొదటి మనిషి ఆమే కాబట్టి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా విప్పకుండా క్యాంపస్ క్వార్టర్ల దాకా పరుగున వెళ్లాను. వెళ్లి చూద్దును కదా, అమ్మకానికి తెచ్చినాయన స్టీరింగు కింద అగ్గిపెట్టెంత వస్తువొకటి గుచ్చి, ఫోను మా ముఖాల ముందు పెట్టాడు. అందులో అన్నీ పచ్చచుక్కలు. అంతే, పరీక్ష అయిపోయింది. బానెట్ ఎత్తినవాడు లేడు, వంగినవాడు లేడు, బండి కిందికి తొంగిచూసిన పాపాన పోయినవాడు లేడు. నేను మాత్రం బండి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టి, ప్రతి టైరు దగ్గరా గొంతుకూర్చుని, దాని మీది అంకెలు చదివి, గాడుల్లో వేలు పెట్టి లోతు చూస్తూంటే, ఆ మేడం కంగారుపడి "ఏమన్నా పడిపోయిందా సార్?" అని అడిగింది.

పడిపోయినదేమిటో ఆమెకు చెప్పలేదు. నా ఈడువాళ్లు కనుక మీకు చెబుతాను.

మా నాయిన యూనివర్సిటీ బస్సు డ్రైవరు. ఆయన హారను కొడితే హాస్టళ్లలో నిద్రపోతున్నవాళ్లు మంచం మీది నుంచి నిద్రలోనే లేచి వచ్చి, బస్సు సీట్లో కూర్చున్నాకే కళ్లు తెరిచేవారని అంటారు. డ్రైవరు సీటు పక్కన నిండు గ్లాసు చాయి పెట్టుకుని సీతాఫల్‌మండి గేటు నుంచి హాస్టళ్ల దాకా తీసుకొస్తే, దిగేటప్పటికి ఆ గ్లాసులో చాయి ఒక్క చుక్క తగ్గకపోగా కాస్త పెరిగి ఉండేదని ఆయన తోటి డ్రైవర్లు ప్రమాణం చేసేవారు. నేను సగమే నమ్ముతాను. రిటైరయిన రోజున శాలువా కప్పి గోడ గడియారమిచ్చి పంపితే, ఆ గడియారాన్ని అమ్మకిచ్చి, తార్నాకలోని మా ఇంటి వరండాలో కూర్చుని, మూడు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. స్టీరింగు లేని చేతులను ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

అందుకే బండి కొన్నాం. ఏ బండి కొనాలన్నప్పుడు నాయిన పెట్టిన షరతు ఒక్కటే. "ఎద్దు నాలుగు కాళ్లతోని గుంజుతది. రెండు కాళ్లతోని గుంజే ఎద్దును యాడన్న చూసిన్రా?" వానాకాలంలో మా చిన్నమ్మ ఊరి నల్లరేగడి బాటలో ఎన్నో బండ్లు దిగబడి, ఎడ్లను కట్టి లాగిస్తే బయటపడటం చూసిన మనిషి కనుక, నాలుగు చక్రాలకూ బలమున్న బండే కావాలన్నాడు. ఆ రోజుల్లో అలాంటి బండి, అదీ పాతది, ఇంటిల్లిపాదీ పట్టేది దొరకడమంటే మాటలు కాదు. మేం పదకొండు బండ్లు చూశాం, నాయిన పదింటిని అవమానించి పంపాడు. తలుపు వేసి దాని చప్పుడు వినేవాడు, ఆయిల్ పుల్ల తీసి పచ్చడి వాసన చూసినట్టు చూసేవాడు, కాళ్ల కింది పట్టా లేపి తుప్పును గోటితో గీకేవాడు, తెల్ల లాల్చీతోనే బండి కిందికి దూరి నల్లగా బయటికొచ్చేవాడు. పదకొండోదాన్ని క్యాంపస్ మైదానంలోకి తీసుకెళ్లి, స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి గుండ్రంగా ఐదు చుట్లు, ఎడమకు తిప్పి ఐదు చుట్లు తిప్పాడు. మేకపిల్లలు కూడా మేత ఆపి చూశాయి. ఎక్కడా కుదుపు లేదు. దిగి, బానెట్ మీద చెయ్యేసి "గిది మనది" అన్నాడు. మా అమ్మను చూసొచ్చిన రోజున కూడా ఇదే మాట, ఇదే గొంతుతో అన్నాడట.

ఆ తర్వాత ఏడాదికి నాయినకు కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు, నెల రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, తలస్నానం చేయకూడదు. సరిగ్గా అప్పుడే ముందు టైర్లు అరిగి గుండులా తయారయ్యాయి. నాయిన నన్ను పిలిచి "నాలుగూ మార్పియ్యి బిడ్డా" అన్నాడు. అప్పటికి నాకు నడపడం రాదు గనుక, స్టీరింగు మా అక్క భర్త, మా బావ, పట్టుకుంటే పక్కన కూర్చుని టైర్ల దుకాణానికి వెళ్లాను. బండిని అక్కడ నాకొదిలి, బావ పక్కనున్న పుస్తకాల దుకాణంలో దూరాడు.

ఇక్కడ మా ఇంటి ధర్మం ఒకటి చెప్పాలి. మా అమ్మ రాజ్యాంగంలో బాగున్న వస్తువును మార్చడం మహాపాపం. చెప్పు తెగితే తెగిన చెప్పునే మార్చాలి, దుప్పటి చినిగితే చినిగిన సగమే. మేం ముగ్గురు పిల్లలం రెండు రకాల చెప్పులతో బడికి పోయినవాళ్లం. ఆ పాలు తాగి పెరిగిన నేను, వెనక టైర్లకు ఇంకా సగం ఆయుష్షు ఉందని చూసి, ముందు రెండే మార్చమన్నాను. అచ్చం ఆ కొలత లేదు, ఇంచుమించు ఉన్నది వేస్తే ఇంకా గంభీరంగా ఉంటుందని దుకాణందారు అంటే దానికీ తలూపాను. ఇంటికొచ్చి "మార్పించిన నాయినా" అన్నాను. ఎన్ని అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అమ్మ నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. పాత టైర్లు కూడా కొత్తవాటితో సమానంగా తమ నిమ్మకాయలు తాము తొక్కాయి. నాయిన వంగి చూడలేడు కదా. నల్ల కళ్లద్దాల్లోంచి నవ్వుతూ నిలబడ్డాడు.

నెల గడిచాక డాక్టరు సరేనన్నాడు. నాయిన కొత్త పెళ్లికొడుకులా ముస్తాబై, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయలుదేరాడు. తార్నాక చౌరస్తాలో నెమ్మదిగా వెనక్కి తిరగబోతే, బండి దడదడమని వణికి, బలిపీఠానికి లాగుతున్న మేకలా గుంజుకుని, రెండు దుముకులు దుమికి ఆగిపోయింది. నా చేతిలోని మిర్చిబజ్జీ ముందు సీట్లోని అక్క కొప్పులోకి పోయింది. వెనక హారన్ల మోత. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా బండిని కుదిపి ఎరగని మనిషి చేతుల్లో అలా జరిగింది. నాయిన ముఖం నేను ఎన్నడూ చూడని రంగులోకి మారింది. మళ్లీ స్టార్టు చేసి తిప్పాడు, మళ్లీ దుమికింది. చౌరస్తా మొత్తం, బస్టాపుతో సహా, మావైపే చూసింది.

వారం రోజుల్లో ఆ బండి తిరగని షెడ్డు లేదు. తార్నాకలోని అద్దాల షెడ్డువాళ్లు క్లచ్ ప్లేట్ మార్చారు, దుముకు పోలేదు. మల్కాజ్‌గిరిలో ఇంకొకాయన ఇంజను కింది రబ్బరు దిమ్మలన్నీ మార్చి, బండిని తిన్నగా రోడ్డు మీద ఉరికించి, బండికేం రోగం లేదు, పెద్దమనిషికి వయసైంది అని తేల్చాడు. ఆ మాట అన్నంత తేలిగ్గా మా ఇంట్లో అందరూ నమ్మారు. ఎందుకంటే మా బావ నడిపితే బండి దుమకదు.

మా బావ క్యాంపస్‌లో ఇంజనీరింగు పాఠాలు చెబుతాడు. బండి గురించి మూడు పట్టాలున్నాయి, స్టెప్నీ మార్చడం మాత్రం రాదు. ఆయన బండి దుమకకపోవడానికి కారణం అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఆయనకు ఇరుకు మలుపంటే చచ్చేంత భయం. స్టీరింగు పూర్తిగా తిప్పాల్సిన చోటికి ఆయన జన్మలో పోడు. చౌరస్తాలో వెనక్కి తిరగాల్సి వస్తే హబ్సిగూడ దాకా పోయేవాడు, అక్కడా ధైర్యం చాలకపోతే ఇంకా ముందుకు. ఒకసారి పాల ప్యాకెట్లకని పోయి ఉప్పల్ చూసొచ్చాడు. అలాంటి బావ క్యాలెండరు వెనక బాణాలు గీసి, కళ్లద్దాలు సర్దుకుని తీర్పు చెప్పాడు. "లెక్క ప్రకారం బండి దుమకడానికి వీల్లేదు మామా. దుముకుతున్నదంటే క్లచ్ మీద మీ ఎడమకాలు వణుకుతున్నట్టే."

అమ్మ ఊరుకోలేదు. "లెక్కలు గట్లనే ఉంటయి అల్లుడా, పోయిన ఎండకాలం పంచరైతె మీ లెక్క టైరు విప్పిందా?" అంది. కానీ ఆమె గొంతులోనూ బెరుకుంది. చివరికి అక్క కళ్లనీళ్లు పెట్టుకుని, పిల్లలెక్కే బండి నాయినా, అని తాళాలు అడిగింది. కోప్పడతాడనుకున్నాం. కోప్పడితే బాగుండేది. నాయిన జేబులోంచి తాళాలు తీసి, ఒకసారి అరచేతిలో తిప్పి, ఇచ్చేశాడు. అక్క వాటిని బియ్యం డబ్బాలో దాచింది. నేనక్కడే ఉన్నాను. టైర్ల సంగతి నాకు గుర్తుకైనా రాలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, రాలేదు.

మర్నాడు పొద్దున నేను చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని, నాయిన తన ఎడమకాలిని నేలకు నొక్కి, మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున లేపుతున్నాడు. మళ్లీ నొక్కుతాడు, మళ్లీ లేపుతాడు, వంగి ఆ కాలినే చూస్తాడు. లేని క్లచ్‌ను తొక్కి తనను తాను పరీక్షించుకుంటున్నాడు. అంటే మేం చెప్పింది ఆయన కూడా నమ్మేశాడు.

బండిని అమ్మేద్దామని బావ నిర్ణయించాడు. అమ్మేముందు, నాయినకు బస్సు గ్యారేజీ నాటి స్నేహితుడైన ఉస్తాద్ ఒకాయన మౌలాలి గుట్ట కింద షెడ్డు పెట్టుకుని ఉంటే, మంచి గిరాకీ చూపిస్తాడని నేనూ బావా వెళ్లాం. కథంతా విని ఉస్తాద్ బీడీ పారేశాడు. "వాని కాలు వణికిందా? వాని కాలు వణికితె భూకంపం వచ్చినట్టు" అని, బావను సీట్లో కూర్చోబెట్టి, షెడ్డు ముందున్న అరచేతంత జాగాలో స్టీరింగు పూర్తిగా తిప్పి గుండ్రంగా తిరగమన్నాడు. బావ ముఖం పాలిపోయింది. తప్పదు గనుక తిప్పాడు. బండి వణికింది, గుంజుకుంది, దుమికింది. బావ కళ్లద్దాలు ఊడి ఒళ్లో పడ్డాయి.

"ఇప్పుడు ఎవని కాలు వణికింది సార్?" అన్నాడు ఉస్తాద్.

తర్వాత ఆయన చేసిన పని ఏ పట్టాలోనూ లేదు. జాకీ పెట్టి, ఒక పురికొస ముక్కను ముందు టైరు నడుముకు మొలతాడులా చుట్టి, కలిసిన చోట గుర్తుగా పురికొసకే ముడి వేశాడు. అదే పురికొసను తెచ్చి వెనక టైరుకు చుట్టాడు. చుట్టు పూర్తయినా ముడి దాకా ఇంకా పురికొస మిగిలింది. ఆ మిగిలినదాని మీద తన వేళ్లు ఆనించి చూపాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళ్లు.

నాలుగు చక్రాలనూ నడుమ ఒక డబ్బా కలిపి ఉంచుతుందట. రెండు చిన్నవీ రెండు పెద్దవీ అయితే ప్రతి అడుగుకూ ముందువీ వెనకవీ కొట్లాడుకుంటూ, ఆ డబ్బాలో వేడి పుట్టించి, చివరికి అది బిగుసుకుపోతుందట. తిన్నగా పోతే తెలియదు, ఇరుకున తిరిగితే బండి తనను తానే గుంజుకుంటుందట. "నాలుగెడ్లను ఒక్క కాడికి కట్టి, రెండింటికే బూట్లు తొడిగిన గాడిద ఎవడు?" అని ఉస్తాద్ అడిగాడు. బావ తల మెల్లగా నావైపు తిరిగింది. మౌలాలి గుట్ట మొత్తం దొర్లుకుంటూ వచ్చి నా నెత్తిన కూర్చున్నట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. మార్పించిన నాయినా.

నాలుగూ ఒకే కొలత టైర్లు వేయించి, డబ్బా బాగుచేయించి తెచ్చేసరికి పది రోజులు పట్టింది. కానీ నాయినకు చెప్పడానికి ఆ సాయంత్రమే వెళ్లాను. అదే కుర్చీ, అదే వరండా. తిడతాడని, కొడతాడని, కనీసం ఉమ్మేస్తాడని సిద్ధపడి, అప్పుడు రెండే మార్పించిన నాయినా, అన్నాను.

"అయితె నా కాలు మంచిగనే ఉన్నదన్నట్టు" అన్నాడు.

"మంచిగున్నది నాయినా."

అంతే. లోపల అక్క బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

ఇప్పటి బండ్లకు దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అద్దం ముందు దీపం వెలుగుతుంది. టైర్లో గాలి తగ్గితే అదే పిలిచి చెబుతుంది, లేకపోతే ఫోన్లో చుక్కలు చెబుతాయి. బండి తన బాధ తనే చెప్పుకునే కాలం వచ్చింది, మంచిదే. ఆ రోజుల్లో బండీ చెప్పుకోలేకపోయింది, నాయినా చెప్పుకోలేకపోయాడు. ఇంట్లో ఇంతమందిమి ఉండి, ఆయన పక్క సీట్లో కూర్చుని ఒక్కసారి తిప్పి చూపించు నాయినా అని అడిగినవాళ్లం లేము. చౌరస్తా ఇప్పుడు మెట్రో స్తంభాల కింద గుర్తుపట్టలేనట్టు అయిపోయింది, ఉస్తాద్ షెడ్డు లేదు, బండి లేదు, నాయినా లేడు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు నడిపాడు. బండి వెన్నలా తిరిగేది, కుదుపన్నది లేదు, పక్కన నిండు గ్లాసు పెట్టినా తొణికేది కాదు. నేను పక్క సీట్లోనే కూర్చునేవాణ్ని. కానీ మలుపు దగ్గరికి రాగానే, స్టీరింగు తిప్పబోయే ముందు, ఆయన ఒక్క క్షణం తల వంచి తన ఎడమకాలి వైపు చూసుకునేవాడు. అంతకుముందు నలభై ఏళ్లలో ఎన్నడూ లేని అలవాటు అది. చివరి దాకా పోలేదు.