సంతకం పెట్టనన్న ఇంజినీరు

వీధంతా అత్తయ్య అని పిలిచే లాండ్రీ యజమానురాలు కాలరు తిప్పి చూడనిదే ఏ చొక్కా మడత పెట్టదు. ఆవిరి బాయిలరు తనిఖీకి లైసెన్సున్న మెకానికల్ ఇంజినీరు కావలసి వచ్చినప్పుడూ అంతే. బాయిలరు ముఖమైనా చూడకుండా తనిఖీ పత్రం మీద సంతకానికి కలం తీసిన ఇద్దరిని మర్యాదగా సాగనంపింది. మూడో ఇంజినీరు ఒక అమ్మాయి. లైసెన్సు చూపించి, చొక్కా చేతులు పైకి మడిచి, బాయిలరు వెనక్కి దూరి, అరగంటకు ముక్కు మీద మసితో బయటికొచ్చింది.

"సంతకం పెట్టనండీ. ఆవిరి ఎక్కువైతే బయటికి వదలాల్సిన సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది. మార్చాకే పెడతాను."

"అమ్మో! ఇన్నాళ్లూ బాంబు పక్కన కూర్చున్నానా?" అంటూ అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుంది. మరుక్షణం పకపకా నవ్వేసింది. "నువ్వే కావాలి తల్లీ! ఇకనుంచి ఈ బాయిలరు నీదే."

మర్నాడు ఆ అమ్మాయి కొత్త వాల్వు పరీక్షించింది. బుస్సుమన్న ఆవిరికి పనివాళ్లంతా ఉలిక్కిపడితే, అత్తయ్య చప్పట్లు కొట్టింది.