బావగారి పూతరేకులు

పూతరేకుల పెట్టెకు ఈమధ్య వేస్తున్న టేపు సంగతి ఎవరైనా పట్టించుకుంటే బాగుండును. లోపలి రేకు ఊపిరి తగిలితే విరుగుతుంది. పైనున్న టేపుకు మాత్రం కత్తిపీట కావాలి.

అమలాపురంలో మా క్లబ్బువారు చదరంగం పోటీ పెట్టినప్పుడు మొదటి రౌండులోనే నాకు రాజోలు వియ్యంకుడుగారు తగిలారు. అమ్మాయి పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నన్ను ఓడిస్తూనే ఉన్నారు. ఆడపిల్లవాళ్ళం, గెలిస్తే ఏం బాగుంటుందని కావాలనే ఓడుతున్నానని మా ఆవిడకు చెబుతూ వచ్చాను. ఆవిడ నమ్మినట్టు ఎప్పుడూ కనిపించలేదు. పోటీలో చుట్టరికం ఉండదు కనుక, నా మాట నిజమని తేల్చుకోవడానికి ఇదే అదను.

ఒక్కొక్కరికి పావుగంట. మనం ఎత్తు వేసి మీట నొక్కితే అవతలివారి గడియారం నడుస్తుంది. ఆట సగం దాటేసరికి, నాకే ఆశ్చర్యంగా, ఒక ఏనుగు ఎక్కువతో ఉన్నాను. ఆయన రాజుకు కదలడానికి చోటు లేదు.

బావగారు నెమ్మదిగా ఒక బంటు జరిపి, మీట నొక్కి, సంచిలోంచి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసి నా ముందు పెట్టారు.

"ముందు నోరు తీపి చేసుకోండి బావగారూ. ఆటెక్కడికి పోద్దండి."

పెట్టింది పెట్టినట్టు తీసుకునేవాణ్ణి మా వైపు మనిషిగా లెక్కెయ్యరు. ఇప్పుడెందుకండీ అన్నాను. ఆయ్, మీకోసమేనండి అన్నారు. ముందు మీరన్నాను. పెద్దవారు మీరుండగా నేనా అన్నారు. పెట్టె బల్ల మీద అటూ ఇటూ తిరిగింది. చివరికి నేనే లొంగి టేపుతో పోరాటం మొదలుపెట్టాను. గోరు పనిచెయ్యక పళ్ళతో ప్రయత్నిస్తుండగా రిఫరీ వచ్చి, నా టైము అయిపోయిందని చాలా మర్యాదగా చెప్పాడు. బావగారు ఎంతో నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే గెలిచినట్టు సంతకం పెట్టారు.

ఈసారి నిజంగానే మర్యాద వల్ల ఓడానని, సాక్ష్యానికి పెట్టె కూడా ఉందని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. వాళ్ళ మావగారు ఎంత ప్రేమగా పూతరేకులు తెచ్చారో మొదటినుంచీ నేనే వర్ణించాను.

టేపు దగ్గరకు వచ్చేసరికి అమ్మాయి అందుకుంది.

"మావయ్యగారికి షుగర్ కదా నాన్నగారూ, మా ఇంట్లో అవి కొననే కొనరు. నిన్న మాత్రం రెండు పెట్టెలు తెచ్చేరు. ఒకటి ముందరేసుకుని, గడియారం చూసుకుంటూ టేపు తీసేరు."