కోట బురుజుకి కొలబద్ద

ఆ రోజుల్లో ఫోటో తీశాక అందులో ఏం పడిందో తెలియడానికి కనీసం రెండు వారాలు పట్టేది. ఆ రెండు వారాలూ ఎవరికి వారు గొప్ప ఫోటోగ్రాఫర్లే. ఆ గొప్పతనం ఇంకొన్నాళ్ళు నిలవాలనేమో, నేను స్లైడ్ ఫిల్మే వాడేవాణ్ణి. స్లైడ్లు చూడాలంటే ప్రొజెక్టర్ కావాలి, తెల్లటి గోడ కావాలి, భోజనం పెట్టినందుకు మొహమాటపడి రెండు గంటలు కూర్చునే స్నేహితులు కావాలి. ఎనభైల మొదట్లో మేమున్న పార్సిప్పనీలో స్నేహితులకి కొదవ లేదు. గోడకే కొంచెం కొదవ. మా అపార్ట్‌మెంట్ గోడల నిండా గోధుమరంగు పువ్వులుండేవి.

మాకు పెళ్ళయి రెండేళ్ళు. ఇండియా నుంచి తిరిగి వస్తూ జర్మనీలో దిగి, రైన్ నది మీద మూడు రోజులు పడవలో తిరిగాం. నదికి రెండు వైపులా కొండలు, కొండకొక కోట. తక్కిన ప్రయాణికులు పైఅంతస్తులో కుర్చీలు వేసుకుని కోటల్ని చూశారు. నేను మాత్రం కొలిచాను. అప్పుడు నేను ఆనకట్టలు కట్టే ఒక కంపెనీలో డ్రాయింగులు గీసే చిన్న ఇంజనీరుని. దేన్ని ఫోటో తీసినా పక్కన ఎత్తు తెలిసిన వస్తువొకటి ఉండాలని, అప్పుడే దాని పరిమాణం తెలుస్తుందని మాకు నేర్పారు. మామూలుగా పారో, కర్రో పెడతారు. నేను మా ఆవిణ్ణి పెట్టాను. ఆమె సరిగ్గా ఐదడుగులు. లెక్కకి ఇంతకన్నా సుఖమైన మనిషి దొరకదు.

పడవ ఆగిన ప్రతిచోటా ఆమె చీర మీద కోటు వేసుకుని వెళ్ళి, గోడకి ఆనుకుని, చేతులు కిందికి పెట్టి నిటారుగా నిలబడేది. నవ్వడానికి అనుమతి ఉండేది (నవ్వితే ఎత్తు మారదు కదా). నేను వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, గోపురం కొసదాకా పట్టాక క్లిక్ మనిపించి, నోట్‌బుక్కులో నంబరు రాసుకునేవాణ్ణి. రెండో రోజు ఆమె అడిగింది, “ఏవండీ, ఇంతకీ నన్ను తీస్తున్నారా, కోటని తీస్తున్నారా?” అని. ఇద్దర్నీ అన్నాను. అబద్ధం చెప్పినట్టు అప్పుడు అనిపించలేదు.

(ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. ఖాళీ అయిన నా ఫిల్ము డబ్బాల్లో కందిపొడి పోసి తెచ్చింది, పడవలో పెట్టే ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద చల్లుకోవడానికి. ఒక కోట ముందు కొత్త రీలు అనుకుని నేను డబ్బా మూత తీస్తే ఘుమఘుమలాడింది. పక్కనున్న జర్మన్ ముసలాయన తుమ్ములు చాలాసేపటి వరకూ ఆగలేదు.)

మూడో రోజు చూసిన బురుజు అన్నిటికన్నా పెద్దది. పొద్దున వాన పడి నేలంతా బురదగా ఉంది. నేను కెమెరా సామాను పెట్టె, అంటే జానెడెత్తు అల్యూమినియం పెట్టె, ఆమెకి ఇచ్చి వెనక్కి నడిచాను. ఫోటో అయ్యాక చూస్తే ఆమె ఆ పెట్టెని రుమాలుతో శుభ్రంగా తుడుస్తోంది. నా సామాను మీద ఎంత శ్రద్ధ అనుకుని మురిసిపోయాను.

ఇక స్లైడ్ షో సంగతి. దాని వెనక నాకొక ఆశ ఉంది. మా కంపెనీలో సర్వే విభాగానికి పెద్ద ఒక తెలుగాయన. అందరం కాంక్రీటు మాష్టారు అనేవాళ్ళం. ఆయన మనుషుల్ని తీసుకుని పడమటి రాష్ట్రాలకి వెళ్ళి, నెలల తరబడి కొండల్లో గుడారాలు వేసుకుని ఆనకట్టలకి చోట్లు చూసేవారు. డ్రాయింగు బల్ల దగ్గర్నుంచి ఆ కొండల్లోకి వెళ్ళాలని నాకు మహా కోరిక. ఆయన ఊఁ అంటే చాలు. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ ఒకటే మాట అడిగింది. “ఆర్నెల్లు మీరక్కడ, నేనిక్కడ. కారు నడపడం కూడా రాదు నాకు. ఏం చెయ్యను?” నేర్చుకుందువుగానిలే అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మాష్టార్నీ, పక్క అపార్ట్‌మెంట్ వదినగారి కుటుంబాన్నీ భోజనానికి పిలిచాం. స్లైడ్లు ట్రేలో సర్దే పని ఎప్పుడూ మా ఆవిడదే. ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, ప్రొజెక్టర్‌కి కావలసినట్టు తలకిందులుగా పెట్టేది. తెరగా తెల్ల దుప్పటి కట్టమన్నాను. దుప్పటి ఉతుకులో ఉందంటూ నా పెళ్ళి పంచె తీసి అడ్డంగా కట్టింది. పంచెకి కింద వేలెడంత ఎర్ర అంచు. అందువల్ల యూరప్‌లో ప్రతి కోటా ఎర్ర అంచు మీదే కట్టినట్టు కనిపించింది.

కిటికీ తెరలు వేసి మొదలుపెట్టాం. పది స్లైడ్లయ్యాక వదినగారు ఉండబట్టలేక, “ఈ పిల్లేం తప్పు చేసిందని బాబూ, ప్రతిచోటా గోడకి నిలబెట్టారు?” అన్నారు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. నాకు కావలసిన ప్రశ్న అదే. కొలత సిద్ధాంతం వివరించి, పెద్ద బురుజు స్లైడ్ వేసి, టేపు తీశాను. పడవలో ఇచ్చిన పుస్తకంలో ఆ బురుజు ఎత్తు నూరడుగులని ఉంది. ఆ పుస్తకం చేతిలోనే మూసి పెట్టుకుని, కేవలం మా ఆవిడ సాయంతో అదే అంకె రాబట్టి చూపించాలని నా పథకం. ఆమె కాళ్ళూ, బురుజు అడుగూ ఎర్ర అంచులోనే పడ్డాయి. అంచు చివర నేల అనుకుని కొలిచాను. ఎనభై ఎనిమిది వచ్చింది.

మళ్ళీ కొలిచాను. మళ్ళీ ఎనభై ఎనిమిదే.

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. పుస్తకం తప్పని ప్రకటించాను. యాత్రికుల కోసం వాళ్ళు ఎత్తు పెంచి రాసుకుంటారని కూడా అన్నాను.

మాష్టారు పెరుగన్నం గిన్నె పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగారు. “నీ కొలబద్ద సరైనదేనా?”

అందరూ మా ఆవిడ వైపు తిరిగారు. ఆమె లేచి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. “కొలుచుకోండి అన్నయ్యగారూ. ఐదడుగులే,” అంది. కొలిచారు. ఐదడుగులే. గెలిచానని చప్పట్లు కొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ కాఫీ పెట్టాలంటూ వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

వెళ్ళేటప్పుడు మాష్టారు బూట్లు తొడుక్కుంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. “నీకు లెక్క బాగా వచ్చు బాబూ. అనుమానపడడం రాదు. సర్వేలో ముందు మనల్ని మనం అనుమానించుకోవాలి. కొన్నాళ్ళు ఆఫీసులోనే ఉండు,” అన్నారు. మా ఆవిడ ఆయన చేతిలో అరిసెల పొట్లం పెట్టి, మళ్ళీ రమ్మంది.

నేనంతటితో ఊరుకోలేదు. ఆ ఊరి యాత్రికుల కార్యాలయానికి రెండు పేజీల ఉత్తరం రాశాను. తమ బురుజు కొన్ని వందల ఏళ్ళుగా నూరడుగులే ఉందని, ఈ మధ్య తగ్గినట్టు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని మర్యాదగా జవాబు వచ్చింది. మా ఆవిడ దాన్ని చాలాకాలం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచింది. నేను రిటైరయ్యేదాకా ఆఫీసులోనే ఉన్నాను. ప్రతి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాను.

పోయిన ఏడాది ఆమె పోయింది. ఈ వేసవిలో మా అమ్మాయి వచ్చి, బేస్‌మెంట్‌లోంచి స్లైడ్ల పెట్టెలు పైకి తెచ్చింది. కిటికీ దగ్గర నాలుగైదు చూసి, “డాడీ, ప్రతి దాంట్లో మమ్మీ ఎందుకు అంత చిన్నగా ఉంది?” అంది. మూడు వందల స్లైడ్లు తీశాను, ఆమె మొహం కనిపించేవి మూడు కూడా లేవు. అమ్మాయి వెళ్ళాక భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. మొహం కోసమే వెతుకుతూ పెద్ద బురుజు దగ్గరికి వచ్చాను. నవ్వుతున్నట్టే ఉంది. అలవాటుగా తలనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. చీర కుచ్చిళ్ళ కింద నేల లేదు. ఎండకి తళతళమంటూ నా అల్యూమినియం పెట్టె ఉంది. దాని మీద ఆమె చెప్పులు.

కవరు వెనక లెక్క వేశాను. ఆమె ఎత్తుకి పెట్టె ఎత్తు ఎనిమిదంగుళాలు కలిపితే బురుజు నూరడుగులకి వచ్చింది.

చెప్పులు బురదవుతాయని ఎక్కి ఉంటుంది, అంతే. అది నాకు సులువుగానే అర్థమవుతుంది. కానీ ఆ స్లైడ్‌ని కిటికీ వెలుగులో చూసి ట్రేలో పెట్టింది ఆమే. పంచె కట్టిందీ ఆమే. ఆ రోజు దుప్పటి నిజంగా ఉతుకులోనే ఉందా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు. అనుమానపడడం రాదని మాష్టారు అన్నది నిజమే.

నిన్న అమ్మాయి ఫోన్ చేసింది. ఈసారి వచ్చినప్పుడు అన్నీ తీసుకెళ్ళి స్కాన్‌కి ఇస్తానని, చుట్టూ ఉన్న ఖాళీలు కత్తిరించి మమ్మీని పెద్దగా చెయ్యమంటానని చెప్పింది. చెయ్యమన్నాను. “ఆ బురుజు దాంట్లో మాత్రం కింద కత్తిరించొద్దని చెప్పమ్మా,” అన్నాను. “కాళ్ళు ఉండాలి.”