మెషిన్‌లో పెట్టని సంచి

దోహా పాత రేవులో ఓడ ఒడ్డుకు ఆనుకుని పక్క తలుపు తెరవగానే, లోపలి చల్లగాలి ఒక్కసారిగా బయటికొస్తుంది. అందులో కాల్చిన రొట్టె వాసన, బ్లీచింగ్ వాసన, అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పట్ల వాసన కలిసి ఉంటాయి. మొన్న శుక్రవారం పొద్దున ఆ గాలి మొహానికి తగిలినప్పుడు మళ్ళీ గౌస్ సార్ గుర్తొచ్చారు. ఆ వాసనకు మిగతావాళ్ళకు సెలవులు, విహారాలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం ఎవరి సంచిలో ఏముందోనన్న అనుమానం లేస్తుంది. అలా అనుమానించడం నాకు నేర్పింది ఆయనే. దాన్ని నేను మొదటిసారి గట్టిగా వాడింది కూడా ఆయన మీదే.

మాది ఆర్మూర్ దగ్గర ఒక పల్లె. మా ఆయన శ్రీనివాస్ దోహాకు దూరంగా మెసయీద్‌లో పని చేస్తాడు, కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటాడు. వారానికోసారి దోహా నజ్మా పేటలోని మా గదికి వస్తాడు. ఎడారి దేశమేదైనా మా ఊళ్ళో దుబాయే, అడిగితే ఇద్దరం దుబాయ్‌లో ఉన్నామనే చెబుతారు. ఓడల సీజన్ మొదలైనప్పుడు ఆడ ప్రయాణికులను తనిఖీ చేయడానికి ఆడవాళ్ళు కావాలంటే, ఒక సెక్యూరిటీ కంపెనీ ద్వారా నేను రేవులో చేరాను. అక్కడ మా సూపర్‌వైజర్ గౌస్ సార్. కోరుట్ల మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. పన్నెండేళ్ళు విహార నౌకల్లో సెక్యూరిటీ పని చేశారు, అందులో అయిదు ఎండాకాలాలు అలాస్కా దారిలోనే. మెడ దాకా గుండీలు పెట్టుకుని, పాలు, చక్కెర లేని సులేమానీ చాయ్ గ్లాసు పట్టుకుని, సామాను లోపలంతా తెర మీద చూపించే మెషిన్ పక్కన నిలబడేవారు. కుర్చీ ఉన్నా కూర్చోగా నేను పెద్దగా చూడలేదు.

చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. సూక్ అనే పాత బజారు నుంచి తిరిగొచ్చిన ఒక ముసలాయన, ఏ దేశమో తెలియదు గానీ, తెల్లటి గడ్డంతో, మనవరాలితో మాట్లాడినట్టు నాతో నవ్వుతూ మాట్లాడాడు. చేతిలో ఖర్జూరాల డబ్బా. ఇంత పెద్దాయన డబ్బా కూడా చూడాలా అనిపించి వదిలేయబోయాను. గౌస్ సార్ డబ్బాను అందుకుని మెషిన్ బెల్టు మీద పెట్టారు. తెర మీద ఖర్జూరాల వరుసల మధ్య వంకీ తిరిగిన కత్తి కనబడింది. సూక్‌లో గోడకు తగిలించుకోవడానికి అమ్మే బాకు. ఓడ వాళ్ళు ఆయుధాలు లోపలికి రానివ్వరని తెలిసి ఖర్జూరాల్లో దాచాడు. గౌస్ సార్ కోప్పడలేదు. ప్రయాణం అయ్యాక ఓడ వాళ్ళు తిరిగి ఇస్తారని చెప్పి, చీటీ రాసిచ్చి, ఆయన్ని మర్యాదగా పంపించారు.

తర్వాత నాతో అన్నారు: “మంచోడే బిడ్డా. మనవనికి కొనుక్కున్నడు గావచ్చు. గని మంచోడని డబ్బా ఇడిసిపెడితే, రేపొద్దున చెడ్డోడు గుడ గట్లనే నవ్వుకుంట వస్తడు. నా తల్లి సంచైనా సరే, మెషిన్ల వెట్టాలె.”

ప్రయాణికులు బస్సులెక్కి ఎడారి చూడటానికో, మ్యూజియానికో వెళ్ళాక రేవు రెండు మూడు గంటలు ఖాళీగా ఉండేది. అప్పుడు ఆయన అలాస్కా గురించి చెప్పేవారు. అక్కడ రాత్రి పది దాటినా పొద్దు గూకదట. మంచుకొండ ముక్క విరిగి నీళ్ళలో పడితే ఫిరంగి పేలినట్టు ఉంటుందట. “జనమంత డెక్ మీదికొచ్చి ఫోటోలు తీస్తరు. నేను మాత్రం ఎవడు రెయిలింగ్ ఎక్కుతున్నడో జూసేటోన్ని. అయిదేండ్లు పోయిన గని కొండను ఒక్కసారి గుడ నిమ్మళంగ జూడలే.” ఓడ పైభాగమంతా పాటలు, ఈత కొలనులు, అడిగినప్పుడల్లా తిండి. నీటిమట్టం కింద కిటికీల్లేని గదులు, లాండ్రీ ఆవిరి, పది గంటల డ్యూటీలు. రేవు వచ్చిన రోజు కిందివాళ్ళకు దొరికేది రెండు గంటలే. ఆ రెండు గంటల్లో పరుగెత్తుకెళ్ళి, ఫోన్ అందే చోట నిలబడి, ఇంటివాళ్ళ మొహాలు చూసుకుని, మళ్ళీ పరుగెత్తుకురావాలి.

ఎవరినీ నమ్మకపోవడానికి కారణం కూడా అలాంటి ఖాళీ సమయంలోనే ఒకరోజు చెప్పారు. అలాస్కాలో స్కాగ్వే అనే చిన్న రేవు. వాన. ఓడ కదలడానికి కొంచెమే టైముంది, వరుస చాలా పొడుగ్గా ఉంది. ఒకాయన ఓడెక్కే కార్డులు రెండు పట్టుకొచ్చి, నా భార్య వెనకాలే సామానుతో వస్తోంది, తడుస్తోంది, రెండూ గీకెయ్ అన్నాడు. గౌస్ సార్ గీకారు. కంప్యూటర్ లెక్కలో ఆవిడ ఓడలో ఉన్నట్టే. ఓడ వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం పాస్‌పోర్టు లేకుండా, ఫోన్ లేకుండా ఆ రేవులోనే ఉండిపోయింది. పొద్దున మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారని, అతను కావాలనే వదిలేసి వచ్చాడని తర్వాత తెలిసింది.

“ఒక్క బీప్ బిడ్డా. ఆ బీప్‌తోని, లేని మనిషిని ఉన్నదని చెప్పిన. గప్పటిసంది మాట వినుడు బందు వెట్టిన. అనుమానం వచ్చినోన్ని ముందుగల్ల అడగద్దు. అడిగితే దాచుకుంటడు. జూసుకుంట ఉండాలె. పైనోళ్ళకు చెప్పాలె. గంతే.”

నేను ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాను.

ఆ సీజన్‌లో ఒక ఓడ ప్రతి శుక్రవారం వచ్చేది. రెండో నెలలో నా కంట ఒకటి పడింది. సిబ్బంది దిగే చిన్న తలుపు దగ్గర, లాండ్రీ బట్టల్లో ఉన్న ఒక బక్కపలచని మనిషి గౌస్ సార్‌కు నీలం రంగు గుడ్డసంచి అందించాడు. ఇద్దరూ తెలుగులోనే ఏదో గొణుక్కున్నారు. గౌస్ సార్ ఆ సంచిని మెషిన్‌లో పెట్టకుండా తన అల్మరాలో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్నం దాన్ని తీసుకుని బయటికెళ్ళారు. ఓడ కదిలే ముందు అదే సంచి మళ్ళీ ఆ మనిషి చేతికి వెళ్ళింది. అప్పుడూ మెషిన్ మీద పెట్టలేదు.

తల్లి సంచినైనా వదలనన్న మనిషి. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండో శుక్రవారమూ అంతే జరిగింది. మూడో శుక్రవారం నాకు సగం పూటే డ్యూటీ. నజ్మాలో మా గది సందు మొదట్లో ఉన్న మందుల షాపు నుంచి గౌస్ సార్ బయటికొస్తూ కనబడ్డారు. చేతిలో నీలం సంచి. అటూ ఇటూ చూసి, తల వంచుకుని నడిచారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. దాన్ని ఎదుటివాళ్ళలో పట్టుకోమని నేర్పింది ఆయనే కదా. ఈ దేశంలో డాక్టరు కాగితం లేని మాత్రలు చేతిలో దొరికితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఆయన చాయ్ ఇస్తే తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ఆయన పక్కకు తిరిగితే అల్మరా తాళం వైపు చూసేదాన్ని. నన్ను మెచ్చుకుంటే, ఎందుకు మెచ్చుకుంటున్నాడో అనిపించేది.

శ్రీనివాస్‌తో చెప్పాను. “మనం బతకనీకొచ్చినం. నీకెందుకే” అన్నాడు. పడుకోబోతూ తనే మళ్ళీ, “రేపు దొరికితే, పక్కన నిలబడ్డదానివి, నీకు తెల్వదంటే ఎవడు నమ్ముతడు?” అన్నాడు. ఆ రెండో మాటే నన్ను కదిలించింది. నిజం చెప్పాలంటే, న్యాయం కోసం కంటే భయంతోనే ఎక్కువగా కదిలాను.

నాలుగో శుక్రవారం పొద్దున మేనేజర్‌తో చెప్పాను. ఓడ కదలడానికి గంట ముందు, సంచి గౌస్ సార్ చేతిలో ఉండగా మేనేజర్ వచ్చి బల్ల మీద పెట్టమన్నాడు. అందరి ముందూ విప్పారు. తువ్వాలులో చుట్టిన ఐసు పొట్లం, చిన్న ఫ్లాస్కు. అందులో నాలుగు ఇన్సులిన్ పెన్నులు. సన్నటి సూదుల డబ్బా. చక్కెర పరీక్ష చేసుకునే పట్టీలు. అంతే.

“ఎవరివి?” అన్నాడు మేనేజర్.

“నావే” అన్నారు గౌస్ సార్. డాక్టరు చీటీ ఆయన పేరు మీదే ఉంది. ఆయనకూ చక్కెర జబ్బు ఉందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

“నీవైతే ఓడలోకి ఎందుకు వెళ్తున్నాయి?”

ఆయన పెన్నులను మళ్ళీ తువ్వాలులో చుట్టసాగారు. అప్పుడు ఆ లాండ్రీ మనిషే మెట్లు దిగివచ్చాడు. పేరు రాజం, జగిత్యాల దిక్కు. “నావి సార్. ఆయన తప్పేం లేదు” అన్నాడు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళను ఓడ పనిలో ఉంచరు. కాంట్రాక్టు ఇంకా నాలుగు నెలలుంది. వైద్యపరీక్షలో దొరక్కుండా ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ మందు అయిపోయింది. గౌస్ సార్ ఆ తలుపు దగ్గర అతని తూలుడు చూసి, తనలాగే చక్కెర జబ్బు ఉందని పోల్చుకుని, తన చీటీ మీద మందు కొని ఇస్తూ వచ్చారట.

మేనేజర్ ఓడ అధికారులకు చెప్పాడు. తర్వాతి రేవులో రాజాన్ని దింపి ఇంటికి పంపేశారు. మెషిన్‌లో పెట్టకుండా సంచిని పంపిన తప్పుకు గౌస్ సార్‌ను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్ గేటుకు మార్చారు. వెళ్ళేటప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. వాకీటాకీ నా చేతిలో పెట్టి, “బ్యాటరీ సగమే ఉన్నది. పెట్టుకో” అన్నారు.  రెండు వారాల తర్వాత ఆయన చోటు నాకిచ్చారు. అప్పటి నుంచి తోటివాళ్ళు నేను వస్తే మాట ఆపేసేవారు. సూపర్‌వైజర్ కావడానికే చెప్పిందని అనుకుంటున్నారని తెలుసు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

ఆయన్ని చూడటానికి ధైర్యం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఎండలు ముదిరాయి. శ్రీనివాస్‌ను తోడు తీసుకుని, ఉడికించిన పల్లికాయ డబ్బాలో పోసి, సంచిలో పెట్టుకుని వెళ్ళాను. గేటు గది పక్కన, నీడలో, నిలబడే ఉన్నారు. నన్ను చూసి తలాడించారు. “సంచి ఇటియ్యి బిడ్డా” అని తీసుకుని, డబ్బా మూత తీసి చూసి, అడుగున చెయ్యి పెట్టి వెతికి, అప్పుడు లోపల కూర్చోమన్నారు.

వచ్చేటప్పుడు ఎన్నో మాటలు అనుకున్నాను. అక్కడ ఒక్కటే బయటికొచ్చింది. “సార్, నేను మిమ్మల్ని ఒక్కమాట అడగాల్సి ఉండె.”

ఆయన ఒక పల్లికాయ ఒలిచి, గింజలు చేతిలోనే పెట్టుకున్నారు.

“అడగద్దని నేర్పింది నేనే గదా. నువ్వు నేర్సుకున్నవు. తప్పు నేర్పిన.” కాసేపు రోడ్డు మీద పోయే లారీలను చూశారు. “రాజం కాలు సంగతి ఎరుకనా? బూటు లోపల పుండు వడ్డది. నాకు చెప్పలే. నేను గుడ అడగలే. ఊర్ల దవాఖానల రెండు కాలివేళ్ళు తీసేసిన్రని వాళ్ళ ఊరోళ్ళు చెప్పిన్రు. ఇంకో నెల ఆగితే పాదమే పోతుండె అన్నడట డాక్టరు. నేను ఆయన నౌకరీ కాపాడుతున్న అనుకున్న. అందరి సంచులు జూసిన గని, ఆయన కాలు జూడలే.”

“మీతోని మాట్లాడుతడా?”

“నా ఫోన్ ఎత్తడు. నీది గుడ ఎత్తడు, చెయ్యకు.”

శ్రీనివాస్ టైమైందని గుర్తుచేసేదాకా కూర్చున్నాం. నేను చేసింది మంచో చెడో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. రాజం కాలు నావల్ల నిలిచిందని ఒక్కోసారి సర్దిచెప్పుకుంటాను. కానీ ఆ శుక్రవారం నేను ఆలోచించింది అతని కాలు గురించి కాదు. నా గురించి. ఆ తేడా నాకు తెలుసు.

ఆ మరుసటేడు గౌస్ సార్ కోరుట్లకు వెళ్ళిపోయారు. పండగలకు ఫోన్ చేస్తాను. ఓడలు ఎన్ని వస్తున్నాయని అడుగుతారు, నన్ను జాగ్రత్తగా ఉండమంటారు. రాజం పేరు ఇద్దరం ఎత్తం.

మొన్న శుక్రవారం ఓడలో పనిచేసే ఒకమ్మాయి కోటు కింద ఏదో సంచి పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ వచ్చింది. పక్క గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కూర్చోబెట్టాను. “నేను చూడకముందు నువ్వే చెప్పు” అన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. నిజమో అబద్ధమో నాకు తెలియదు. అడిగినంత మాత్రాన అందరూ నిజం చెప్పరు. అయినా ఇప్పుడు ఎవరిదైనా జవాబు పూర్తయ్యేదాకా వింటాను. ఆ తర్వాతే సంచిని బెల్టు మీద పెడతాను. ఈ లోపు వరుసలో వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.