బొమ్మను వాసన చూసినవాణ్ణి

పారిస్‌లో ఒక పెద్ద మ్యూజియంలో, మిట్టమధ్యాహ్నం, నలుగురూ చూస్తుండగా ఒక కాపలావాడు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. అరవైల మొదట్లో మాట. అప్పుడు నేను నూజివీడు హైస్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు, మా ఆవిడకు తప్ప. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదేమో.

నాకు కాలు ఒకచోట నిలవదు. బడిలో పిల్లలు గీస్తున్నంతసేపూ బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేవాణ్ణి. ఇంటికొస్తే వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడమే. నా దగ్గర ఒక పాత ఆల్బమ్ ఉండేది. విదేశీ మ్యూజియంలలోని పెయింటింగుల అచ్చుబొమ్మలు, సగానికి పైగా నలుపూ తెలుపూ. అది తిరగేసినప్పుడల్లా మా ఆవిడతో తగువు పెట్టుకునేవాణ్ణి.

"ఇలాంటి చోట పుట్టాల్సినవాణ్ణే నేను. ఇక్కడేముంది గీయడానికి? మామిడిచెట్టు. దాని పక్కన ఇంకో మామిడిచెట్టు."

"పుట్టాల్సిందేనండీ. కాళ్ళు కడుక్కుని అన్నానికి రండి" అనేది ఆవిడ.

ఆవిడది ఆగిరిపల్లి. తోటల్లో పెరిగిన మనిషి. ఆ ఊరి రోడ్డు మీదే మాకు నాలుగెకరాల మామిడితోట ఉండేది. పేరుకది నాదే గానీ, పూత పట్టిన దగ్గర్నుంచి కోత దాకా చూసుకునేది ఆవిడే. నేను ఆదివారాలు వెళ్ళి, గట్టు మీద నాలుగు రౌండ్లు కొట్టి, విసుక్కుంటూ వచ్చేవాణ్ణి.

పోనీ, అంత గోల చేసినవాణ్ణి ఏమన్నా గీసేవాణ్ణా అంటే అదీ లేదు. పెళ్ళయిన పదేళ్ళలో నా సొంత బొమ్మంటూ ఒక్కటీ లేదు. బ్లాక్‌బోర్డు మీద మాత్రం ప్రతి ఏడూ ఒక మామిడికాయ గీసేవాణ్ణి. సుద్దముక్క ఎత్తకుండా ఒక్కటే గీత. కింద ముక్కు దగ్గర చిన్న వంపు. పైన రెండాకులు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున హెడ్మాస్టరు గారు నాచేత పనిగట్టుకుని గీయించి, "మా మాస్టారి చెయ్యి చూడండి సార్" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి రోజుల్లో డ్రాయింగు టీచర్లను కొందరిని ఏరి, రెండు నెలలు యూరప్ మ్యూజియంలు చూపించి తీసుకొచ్చే ఏర్పాటొకటి ఉందని తెలిసింది. దరఖాస్తు పెట్టాను. నా పేరు వచ్చింది. ఏప్రిల్ చివర్లో బయల్దేరి జూన్ ఆఖరుకు తిరిగి రావాలి. అంటే సరిగ్గా కోతల కాలం. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "వెళ్ళిరండి, కోత నేను చూసుకుంటా" అంది. అప్పుడు ఆవిడ ముందే ఒక మాట అనేశాను. నేను బొమ్మలేసేవాణ్ణో కాదో అక్కడ తేలిపోతుంది, కాదని తేలితే ఆల్బమ్ అటకెక్కించి జన్మలో మళ్ళీ నోరెత్తను అని. ఏదో ఊపులో అన్నాను గానీ, విమానం ఎక్కిన దగ్గర్నుంచీ ఆ మాటే నా వెంట పడింది.

లండన్‌లో మొదటి రోజే గుండె జారిపోయింది. నా ఆల్బమ్‌లో పేజీ నిండా ఉన్న బొమ్మ అక్కడ పలకంత ఉంది. వేలెడంత ఉన్నది గోడంత ఉంది. రంగులైతే నేను పిల్లలకు చెప్పినవి ఒక్కటీ కావు. పదేళ్ళుగా నీలమని చెప్పిన చీర నిజానికి ఆకుపచ్చ అని తేలితే ఎలా ఉంటుంది? అలా ఉంది. ప్రతి బొమ్మ ముందూ తీరిగ్గా నిలబడాలనే వచ్చాను. నిలబడలేకపోయాను. ఈ గదిలో ఉంటే పక్క గదిలో ఏదో పోతున్నట్టు ఉండేది. పక్క గదిలోకెళితే వెనక గదిలో అసలుది వదిలేశాననిపించేది. రాజులూ, యుద్ధాలూ, దేవదూతలూ అన్నీ చూశాను, ఒక్కటీ చూడలేదు. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ అదే పరుగు. నాతో వచ్చిన మాస్టర్లు నోటుపుస్తకాల్లో గీసుకుంటుంటే నేను పక్క గదిలోకి తప్పుకునేవాణ్ణి. నా పుస్తకంలో ఒక్క గీత లేదు.

వారానికొకటి మా ఆవిడ ఉత్తరం వచ్చేది. "గాలి ఎక్కువగా ఉందండి. కలెక్టరు మామిడి కొంత రాలింది. రసాలు నిలబడ్డాయి. మీరు బాగా చూడండి." ప్రతి ఉత్తరం చివరా అదే మాట, మీరు బాగా చూడండి. అది చదివితే నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

పారిస్‌లో కూడా అలాగే పరిగెడుతూ, దారి తప్పి ఒక చిన్న గదిలోకి వెళ్ళాను. జనం పెద్దగా లేరు. గోడకు చిన్న బొమ్మ ఒకటి. చెక్కబల్ల, కత్తి, తట్టలో నాలుగు పండ్లు. ఆ పండ్ల పేరు నాకు తెలియదు. పసుపు మీద ఎరుపు డాలు కొడుతున్నాయి. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోదానికి తొడిమ పక్కన గోధుమరంగు మచ్చ. కోసేటప్పుడు దెబ్బ తగిలింది, రెండు రోజులకు మించి ఆగదు అనుకున్నాను. అనుకోవడమేమిటి, చెయ్యే అనుకుంది. మా వైపు పండు సంగతి కళ్ళతో తేల్చరు. దాని భుజం మీద బొటనవేలు ఆనించి, తొడిమ ఊడిన ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి తేలుస్తారు. నా బొటనవేలు లేచింది. తల వంగింది. ముక్కు ఆ పండుకు బెత్తెడు దూరంలో ఉండగా చొక్కా వెనక్కి లాగినట్టయింది.

కాపలావాడు ఫ్రెంచిలో కేకలు వేశాడు. నేను ఇంగ్లీషులో "స్మెల్, స్మెల్" అని ముక్కు చూపించాను. దాంతో ఇంకా రెచ్చిపోయి, తలుపు దాకా నడిపించి వదిలాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. నెలా పదిహేను రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది అదే. సిగ్గేసింది. చొక్కా పట్టుకున్నందుకు కాదు. ఆ మహానుభావుడెవరో తన వంటింట్లో పండు తీసి తన బల్ల మీద పెట్టుకుని, దాని దెబ్బతో సహా గీశాడు. నాలుగెకరాల తోట ఉన్న నేను ఒక్క కాయనూ చూడకుండానే పదేళ్ళు గీశాను. సొన కారి చర్మం కాలిన మచ్చ లేని కాయ ఏ చెట్టుకు కాస్తుంది? నా బోర్డు మీద కాసింది.

అక్కడే ఉత్తరం రాశాను. "బావి పక్క పెద్దరసం చెట్టు కాయ ఒకటి నేనొచ్చేదాకా ఉంచు. తినడానికి కాదు, చూడడానికి."

ఆ తర్వాత పదిహేను రోజులూ ఇంకా అధ్వాన్నం. ఏ ఊళ్ళో ఏ మ్యూజియంలో ఉన్నా, ఉత్తరం అందిందా, ఆ చెట్టు కాయ కోసేశారా, వానలు పడ్డాయా అన్నదే ధ్యాస. ఆ కాయ దొరక్కపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఏడాదికి ఈ వేడి చల్లారిపోతుందని నన్ను నేను ఎరిగినవాణ్ణి గనక తెలుసు.

బెజవాడలో రైలు దిగి బస్సెక్కేసరికి ముసురు పట్టింది. ఇంటి గుమ్మంలో పెట్టె దింపకుండానే అడిగాను.

"కాయ ఉందా?"

"కోసిన మర్నాడొచ్చిందండి మీ ఉత్తరం. మంచిదొకటి ఏరి విడిగా గడ్డిలో పెట్టా. పది రోజులు కాచా. మొన్న ముచ్చిక దగ్గర మెత్తబడింది. ఇంక ఆగదని తినేశా."

"తినేశావా!" పెట్టె దబ్బున కింద పడేశాను. "నా జన్మలో నిన్ను అడిగిందొక్క పండు..."

ఆవిడ బెదరలేదు. "చూడ్డానికేగా ఉంచమన్నారు? చూశానండి. రోజూ చూశా."

పడేసిన పెట్టె మీదే కూర్చున్నాను. "ఎలా ఉంది?" అన్నాను. పదేళ్ళలో ఏ సంగతైనా సరే, ఎలా ఉందని ఆవిణ్ణి అడగడం అదే మొదలు.

"ముందు కింద ముక్కు దగ్గర పసుపు తిరిగిందండి. ముచ్చిక చుట్టూ నాలుగు రోజులు పచ్చగానే ఉంది. భుజం మీంచి నడుం దాకా సొన చార, నల్లగా, వంకరగా. తర్వాత సన్న చుక్కలు తేలాయి. ఆఖర్న ముడతలు, పిడికిలి బిగిస్తే బొటనవేలి పక్కన పడతాయి చూడండి, అలాంటివి."

రంగులపెట్టె తీసి వసారాలో కూర్చున్నాను. ఆవిడ వెనక నిలబడింది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఒక్క గీతలో వంపు తిప్పేసింది.

"అది మీ బడి కాయండి" అంది. "ఇది బావి పక్కది. అంత నున్నగా ఉండదు."

చెరిపాను. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అన్నానికి తప్ప నేను లేవలేదు. పూర్తయ్యాక కింద సంతకం పెట్టబోయి ఆగిపోయాను. ఊళ్ళు తిరిగింది నేను. చూసింది ఆవిడ. ఇప్పటికీ దాని కింద సంతకం లేదు. ఆల్బమ్ అటకెక్కింది, అన్న మాట ప్రకారం కాదు గానీ, దానితో పని లేక.

అప్పుడే కాపలావాడి సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నా వంక చాలా శ్రద్ధగా చూసి, "ఇంతకీ వాసనొచ్చిందా?" అంది.

"రాలేదు."

కాగితం చేతిలోకి తీసుకుని, ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి చూసింది. "దీనికీ రాలేదండి" అంది. "వచ్చే వేసవికి ఎక్కడికీ వెళ్ళకండి. కాయ చెట్టు మీద ఉండగానే కూర్చోబెడతా మిమ్మల్ని."

కూర్చోబెట్టింది కూడా.