పెద్దచెరువులో బాపు నేర్పిన ఈత

నిన్న ఉగాది సాయంత్రం మహబూబ్‌నగర్ పెద్దచెరువులో పడవ ఎక్కుతుంటే, నడిపే ఆయన “ఈతొస్తదా బిడ్డా?” అంటూ లైఫ్ జాకెట్ అందించాడు.

“వస్తది. చిన్నప్పుడు గీ చెరువులనే మా బాపు నేర్పిండు” అన్నాను గొప్పగా.

పక్కనే ఉన్న మా అక్క పకపకా నవ్వింది. “గా ఎండకాలం చెరువుల సుక్క నీళ్లు లేకుండెనే! బాపు నిన్ను రెండు చేతుల మీద బోర్ల పండవెట్టి కాళ్లు కొట్టుమన్నడు. సీసల నీళ్లు వీపు మీద వోసిండు.”

ఆ ఎండిన చెరువులో నాతో క్రికెట్ ఆడిన దోస్తులారా, నాకు నేల మీది నెర్రెలూ గుర్తున్నాయి, చల్లటి నీళ్లూ గుర్తున్నాయి. కడుపు కింద బాపు అరచేతులు మరీ గుర్తున్నాయి.

జాకెట్ వేసుకునే కూర్చున్నాను. పడవ కాస్త ఊగగానే నా కాళ్లు వాటంతట అవే ఈత కొడుతున్నట్టు ఆడాయి. మీరే చెప్పండి, నాకు ఈత వచ్చినట్టా, రానట్టా?